వెస్టోవరు పుస్తకశాల

వర్జీనియా యను పేరు మన తెలుగు ఇండ్లకు క్రొత్త కాదు. ఒంగోలు ప్రాంతమునను జంగారెడ్డిగూడెము ప్రాంతమునను పొగాకు పండించు రైతుల యిండ్లలో చిన్నపిల్లలు సైతము ఆ మాటను నిత్యము పలుకుచుందురు. ఆకునకు పేరుగా మనకు అలవాటైన ఆ మాట ఒక దేశభాగము పేరని చాలమందికి తోచదు. ఆ పొగాకువలన మూడువందల యేండ్లకు పూర్వమే గొప్ప భూస్వాములైనవారి నేల అమెరికాలోని వర్జీనియా. వారి యిండ్లలో కొన్ని జేమ్సు నది యొడ్డున నేటికిని నిలిచియున్నవి. వానిలో వెస్టోవరు అను దానిని చూచు భాగ్యము మాకు కలిగినది. భాగ్యమని అలవాటుగా అంటిమే కాని, చూచి వచ్చిన పిమ్మట మనస్సు తేలికగా లేదు. ఆ సంగతి మన సోదరీమణులతో చెప్పుకొనవలెననియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రిచ్మండు నగరమునుండి తూర్పుగా విలియమ్సుబర్గునకు పోవు పాత బాటలో సుమారు ఇరువదియైదు మైళ్లు పోయిన పిమ్మట నదివైపు ఒక చిన్నదారి చీలును. మేము ఏప్రిలు నెల చివర పోయితిమి. ఇరుప్రక్కల పొలములు, నడుమ అడవి, జనసంచారము మిక్కిలి తక్కువ. పూర్వము ఇచ్చట బాటకంటె నదియే రాజమార్గము. ఇంగ్లాండునుండి వచ్చిన ఓడలు నదిలో పైకి వచ్చి, దొరల రేవులలో పొగాకు పీపాలు ఎక్కించుకొని, పట్టుబట్టలు, పింగాణి, పుస్తకములు దింపి పోయెడివట. కావుననే ఈ యిండ్లన్నియు నదికి అభిముఖముగా ఉన్నవి. బాట వెంట వచ్చిన మనము పెరటివైపునుండి ప్రవేశించినట్లే.

ఆ పెరటివైపు ఇనుపకమ్మీల ద్వారమును చూచి మేము కొంతసేపు నిలిచిపోతిమి. రెండు స్తంభములమీద రెండు గ్రద్దలు కూర్చున్నవి. ఇంటి యజమానులది బర్డు వంశము. ఆ మాట ఇంగ్లీషులో పక్షి యను మాటవలెనే వినబడును గనుక ఇది వారి వినోదము. లోపలికి పోయి ఇంటిని చుట్టివచ్చినచో నదివైపు ముఖము కానవచ్చును. ఎఱ్ఱని యిటుకల మేడ, నిటారైన కప్పు, రెండుకొనలను పొడవైన పొగగొట్టములు, నడుమ తెల్లరాతితో చెక్కిన వాకిలి, దానిమీద రాతి అనాసపండు. ముందు పచ్చికబయలు మెల్లగా నదికి దిగుచున్నది. ఆ బయలులో ట్యులిప్ పాప్లరులను మహావృక్షములు వరుసగా నిలిచి ఇంటికంటె ఎత్తుగా పెరిగినవి. ఇంటిలో ఇప్పటికిని ఒక కుటుంబము కాపురమున్నది. మాకు తోటవరకే ప్రవేశము దొరికినది. అందుకు మేము విచారింపలేదు, మేము చూడగోరిన గది ఆ యింటిలో లేదు కనుక.

మేము చూడగోరినది రెండవ విలియం బర్డుగారి పుస్తకశాల. అది మేడకు తూర్పున విడిగా ఒక కట్టడములో ఉండెడిది. అమెరికా అంతర్యుద్ధ కాలమున ఆ కట్టడము కాలిపోయినది. ఇప్పుడచ్చట కనబడు ఇటుకల రెక్క ఇరువదవ శతాబ్దారంభమున కట్టినది. ప్రధానగృహము కూడ బర్డుగారు కట్టించినదేయని చిరకాలము చెప్పుకొనిరి గాని, దూలములలోని వలయములను లెక్కించి చూచిన పరిశోధకులు అది 1750 ప్రాంతమున, అనగా ఆయన పోయిన పిదప, కుమారుని కాలమున లేచినదని తేల్చినారు. ఇట్లు ఆయన ఉన్న యిల్లును లేదు, చదివిన గదియు లేదు. నేలయు, నదియు, సమాధియు మిగిలినవి. మఱియొకటి కూడ మిగిలినది, దానిని తరువాత చెప్పెదము.

విలియం బర్డు 1674 సంవత్సరము మార్చి 28వ తేదీన వర్జీనియాలోనే పుట్టెను. ఏడేండ్ల బాలుని తండ్రి ఓడ యెక్కించి ఇంగ్లాండునకు చదువునకు పంపెను. ఆ వయస్సున తల్లిని విడిచి సముద్రము దాటిన బిడ్డ ఏమనుకొనెనో కాని, తిరిగి వచ్చునప్పటికి గ్రీకు, లాటిను, హీబ్రూ, ఫ్రెంచి భాషలు నేర్చి, న్యాయవాదియై, 1696లో రాయల్ సొసైటీ సభ్యుడును అయియుండెను. 1704లో తండ్రి పోగా ఆస్తికి కర్తయై మరుసటి యేడు వెస్టోవరునకు చేరెను. తండ్రి ఇచ్చినది సుమారు 26,000 ఎకరములు. తాను పోవునాటికి దానిని 1,79,000 ఎకరములు చేసెను. రిచ్మండు నగరమునకు స్థలము నిర్ణయించి పేరు పెట్టినవాడును ఆయనయే. వర్జీనియాను పాలించు కౌన్సిలులో ముప్పదియేండ్లకు మించి సభ్యుడుగా నుండి, కడపట దానికి అధ్యక్షుడయ్యెను. గవర్నరు పదవిని వేయి పౌనులకు కొనవలెనని యత్నించెను గాని, సైనికులకు తప్ప ఇతరులకు ఇయ్యరాదను నియమము అడ్డువచ్చినదట. పదవులను అంగడిసరకువలె బేరమాడుట ఆ కాలమున తప్పుగా ఎంచలేదు.

ఇంత రాజకీయములోను, పొగాకు లెక్కలలోను మునిగియున్నను ఆయన మనస్సు పుస్తకములమీదనే. ఓడ వచ్చినప్పుడెల్ల లండనునుండి పెట్టెలు దిగెడివి. చరిత్ర, ధర్మశాస్త్రము, వైద్యము, మతగ్రంథములు, గ్రీకు లాటిను కావ్యములు, తోటపని, గృహనిర్మాణము మొదలగు విషయములపై సేకరించి సేకరించి 4,000 సంపుటములకు దగ్గరగా చేర్చెను. అవి నల్ల అక్రోటు కొయ్యతో చేసిన బీరువాలలో వరుసలు తీర్చియుండెడివి. పుస్తకములను చూచుటకు వేరుగా ఒక ఉద్యోగిని సైతము పెట్టెను. ఆనాటి అమెరికాలో ఇంతటి సొంత పుస్తకభాండాగారము గలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. చుట్టును అడవి, పొరుగిల్లు మైళ్ల దూరము, అట్టిచోట ఈ గది! ఊహించుకొన్నచో మాకును ఈర్ష్య పుట్టినది.

ఆయన సంగతి ఇంత నిశితముగా తెలియుటకు కారణము ఆయన దినచర్య. పైన మిగిలినదంటిమే, అదియే ఇది. ఇతరులు చదువకుండ పొట్టిలిపిలో ప్రతిదినమును వ్రాసికొనెను. 1709 మొదలు 1712 వరకు గల భాగము కాలిఫోర్నియాలోని హంటింగ్టను గ్రంథాలయమున చేరినది. రెండువందల యేండ్లకు పైగా ఎవరికిని అంతుబట్టని ఆ వ్రాతను విప్పి చదివినది మేరియన్ టిన్లింగు అను స్త్రీ. ఆమె శ్రమఫలముగా 1941లో అది అచ్చయినది. మేము ఆ అచ్చుప్రతిని వెంట తీసికొనిపోయి, నదియొడ్డున చెట్టునీడను కూర్చుండి అక్కడక్కడ చదివితిమి.

అందులో ప్రతి దినమును ఒక్కరీతినే మొదలగును. తెల్లవారుజామున లేచెను, ఒక అధ్యాయము హీబ్రూ చదివెను, కొంత గ్రీకు చదివెను, ప్రార్థన చేసెను, పాలు త్రాగెను, అంగవ్యాయామము చేసెను. ఇట్టి నియమము మనలో ఎందరికున్నది? అట్లు మెచ్చుకొనుచు పుటలు త్రిప్పుచుండగనే, పాలు త్రాగిన వాక్యము ప్రక్కనే ఒక సేవకుని కొట్టించిన వాక్యము వచ్చును. పక్క తడిపిన ఒక బానిసపిల్లవానికి శిక్షగా వానిచేత మూత్రము త్రాగించితినని వ్రాసికొనెను. గ్రీకు చదువు వ్రాసిన కలముతోనే, అదే నిదానముతో, దానిని కూడ వ్రాసెను. మాకు పుస్తకము మూసివేయవలెననిపించినది.

ఆయన భార్య లూసీ పార్కు. 1706లో వివాహమైనది. తండ్రి డేనియల్ పార్కు గొప్ప పదవిలో నున్నవాడు. అంటీగా ద్వీపమున గవర్నరుగా నుండగా 1710లో అచ్చటి జనులు తిరుగబడి ఆయనను చంపిరి. మామగారి భూములమీద ఆశపడి బర్డుగారు వానితోపాటు అప్పులను కూడ తలకెత్తుకొనెను. అప్పు తాననుకొన్నదానికంటె పెద్దదని పిదప తెలిసినది. అది ఆయనను ముసలితనమువరకు విడువలేదు. 

లూసీ ముక్కోపియైన యువతి యని భర్త వ్రాతవలన తెలియును. ఆమె చేతివ్రాత మనకు లేదు కనుక ఆమె పక్షమేమో భర్త మాటలలోనుండియే వెదకికొనవలెను. ఒకమారు విలియమ్సుబర్గునకు ప్రయాణమగుచు ఆమె కనుబొమ్మలు తీర్చుకొనబోగా ఆయన వలదనెను. ఆమె అట్లయిన తాను రాననెను. చివరకు తన మాటయే నెగ్గినదని సంతోషముతో వ్రాసికొనెను. ఇట్టి తగవులు ఏ యింటిలో లేవని నవ్వుకొంటిమి. కాని 1711 డిసెంబరు కడపట వ్రాసిన ఒక తగవును చదివి నవ్వలేకపోతిమి. లూసీ పుస్తకశాలనుండి ఒక పుస్తకము తీసికొనెదననెను. ఆయన ఇయ్యనన్నాడు. ఆమెకు కోపము వచ్చెను. అంతే. ఏ పుస్తకమో, ఎందులకు ఇయ్యలేదో ఆయన వ్రాయలేదు.

ఆ గదికి చుట్టుప్రక్కల నలువది యేబది మైళ్లలో అట్టి మఱియొక గది లేదు. అందలి వేలకొలది పుస్తకములు ఒక్కని కన్నులకే అన్నమాట. మిత్రులైన పురుషులు వచ్చినప్పుడు చూపెడివాడు. ఆ యింటి యిల్లాలు మాత్రము అడుగవలెను, అడిగినను లేదనిపించుకొనవలెను. అంతకు ఏడాదిన్నర పూర్వమే, 1710 జూనులో, ఆమె తొమ్మిది నెలల కుమారుడు జ్వరముతో పోయియుండెను. ఆమె మిక్కిలి దుఃఖించినదనియు, తాను దైవచిత్తమునకు ఆమెకంటె బాగుగా లోబడితిననియు భర్త వ్రాసికొనెను. ఆ సంవత్సరములలో ఆ ఒంటరి యింటిలో ఆమెకొక పుస్తకము కావలసివచ్చినదని అనుకొనుటకు గొప్ప పాండిత్యమక్కరలేదు.

అయితే లూసీమీద జాలిపడి ఊరకుండుటకు ఆ దినచర్య మనకు వీలియ్యదు. ఆ యింట జెన్ని యను బానిసపిల్ల యుండెను. 1710 జూలైలో లూసీ ఆ పిల్లను కాలిన ఇనుముతో వాతపెట్టించెను. తన కిష్టము లేకయే అట్లు చేయించినదని భర్త కోపించెను. 1712 మార్చిలో జెన్నిని పటకారుతో కొట్టుచుండగా భర్త విడిపించెను, అందుపై ఘోరమైన కలహము జరిగెను. తనకొక పుస్తకము దక్కని స్త్రీ చేతిలో తనకంటె దిక్కులేని మఱియొక స్త్రీ పడిన బాధ ఇది. కోడలి కాలమున పడినదంతయు అత్తయైన పిదప తీర్చుకొను వారిని మనమెరుగుదుము. ఇక్కడ వాతపడినదానికి పుట్టిల్లు లేదు, పోవుటకు దారి లేదు, దేహము సైతము తనది కాదు. జెన్నికి సమాధిరాయి ఎక్కడనైన కలదేమోయని తోటయంతయు వెదకితిమి. మాకు కానరాలేదు. 

బర్డుగారికి ఈ వ్యవస్థ కీడు తెలియకపోలేదు. 1736లో ఎగ్మంటు ప్రభువునకు వ్రాసిన లేఖలో, బానిసల దిగుమతిని జార్జియాలో నిషేధించినట్లు తమ దేశమునందును నిషేధించిన బాగుండునని వ్రాసెను. తెల్లవారు పనికి సిగ్గుపడి సోమరులగుచున్నారనియు, సంఖ్య పెరిగినకొలది తిరుగుబాటు భయము, దానిచే క్రూరత్వము పెరుగుచున్నవనియు ఆయన వాదము. అందులో దయకంటె భయము హెచ్చు. వ్రాసిన తరువాత తన బానిసలను విడిచిపెట్టనును లేదు. చదువుకొన్నవాడు గనుక తెలిసికొనెను, భూస్వామి గనుక ఊరకుండెనని మా తలంపు.

లూసీ 1716లో భర్తను కలిసికొనుటకు లండనునకు పోయి, కొలదినాళ్లకే మశూచికముచే మరణించెను. ఆమె నేల ఇది కాలేదు. ఎనిమిదేండ్లకు బర్డుగారు మరియా టెయిలరు అను ఆమెను పెండ్లాడెను. ఆమెకు గ్రీకు వచ్చునని తెలిసి మురిసిపోయి, ఆ భాషలోనే ఆమెకు ప్రేమలేఖ వ్రాసెనట! మొదటి భార్యకు ఇంగ్లీషు పుస్తకమే ఇయ్యనివాడు రెండవ ఆమె గ్రీకునకు వశుడయ్యెను. వయస్సు నేర్పినదో, లండను నేర్పినదో చెప్పలేము.

తోట నడుమ ఆయన సమాధి యున్నది. ఎత్తైన రాతిపీఠము, నిండ అక్షరములు. ఆయన విద్య, పదవులు, మిత్రులు, మంచి అభిరుచి వరుసగా చెక్కియున్నవి. మితిమీరిన అధికారమునకు శత్రువనియు, స్వదేశ స్వాతంత్ర్యమునకు మిత్రుడనియు పొగడ్త కూడ కలదు. మేము ఆ పంక్తిని రెండుమారులు చదివితిమి. 1744 ఆగస్టు 26న ఆయన పోయెను. ఆయన వ్రాసిన గొప్ప గ్రంథము, 1728లో వర్జీనియాకును ఉత్తర కెరొలీనాకును సరిహద్దు గీయుటకై అడవులలో నడచిన యాత్రాచరిత్ర, బ్రదికియుండగా అచ్చుపడలేదు. 1841లో మాత్రమే వెలువడినది. ఇన్ని పుస్తకములు చేర్చినవాని పుస్తకము ఆయన బీరువాలో ఎన్నడును చేరలేదు.

కుమారుడు మూడవ విలియము తండ్రి భూములను జూదమునకును అప్పులకును ధారపోసెను. అప్పులు తీర్చుటకు 1768లో భూములను లాటరీ పెట్టినను చాలలేదు. 1777 జనవరి 1న తనను తానే కాల్చుకొనెను. మేరీ విల్లింగు అను అతని భార్య పిల్లలతోను అప్పులతోను మిగిలెను. వెస్టోవరు ఇంటిని నిలుపుకొనుటకు ఆమె అమ్మివేసినవాటిలో మామగారి పుస్తకములు ముఖ్యమైనవి. ఐజక్ జేను అను ఇనుపకొలుముల యజమాని కొనగా, అవి ఫిలడెల్ఫియా చేరి, 1781 మొదలు రాబర్టు బెల్లు అను పుస్తకవ్యాపారి చేత చిల్లరగా అమ్ముడుపోయినవి. లోపలి అట్టకు అంటించిన బర్డు వంశచిహ్నమును పట్టి ఇప్పటికిని అక్కడొకటి ఇక్కడొకటి గుర్తించుచున్నారు. 

భాండాగారము చెదరినందుకు పండితులు విచారించుదురు. మేము అంతగా విచారింపలేకపోతిమి. ఫిలడెల్ఫియా అంగడిలో పైకము చెల్లించిన ఎవరికైనను అవి దొరకినవి కదా!

ఈ మేరీగారిని గూర్చి మఱియొక మాట చెప్పవలెను. స్వాతంత్ర్యయుద్ధ కాలమున, 1781లో, బ్రిటిషు సేన ఆమె రేవున దిగినది. శత్రువులతో ఉత్తరప్రత్యుత్తరములు నడపినదని స్వదేశీయులు ఆమెను అనుమానించిరి. అప్పుడామె గవర్నరునకు వ్రాసిన జాబులో, తాను పన్నులు చెల్లించుచున్నాననియు, తన పక్షమున సభలో మాటలాడువారెవ్వరును లేరనియు, తన ఆస్తి పోయినను దిక్కులేకున్నదనియు ధైర్యముగా పలికెను. ప్రాతినిధ్యము లేనిది పన్ను లేదని పురుషులు యుద్ధము చేయుచున్న దినములలో ఆ న్యాయమును స్త్రీకి అన్వయించి అడిగినవారిలో ఆమెయొకతె. అయితే ఆమె పోయినదని వగచిన ఆస్తిలో బ్రిటిషువారి వెంట పారిపోయిన బానిసలు పలువురున్నారు. వారు తమంత తామే లేచిపోయిరి. ఆ ఓడ లెక్కుచు వారేమనుకొనిరో వ్రాసిపెట్టిన దినచర్య లేదు.

మధ్యాహ్నము దాటిన పిమ్మట నదియొడ్డున పడమరగా పావుమైలు నడచి పాత శ్మశానవాటికకు పోయితిమి. పూర్వము అచ్చట చర్చి యుండెను. ఇప్పుడు కొన్ని సమాధులే కలవు. వానిలో ఒకటి లూసీ పెద్దకూతురు ఎవెలిన్‌ది. 1707లో పుట్టినది. పదియేండ్ల పిల్లను తండ్రి లండనునకు రప్పించి చదువు చెప్పించెను. పదునారవ యేట ఆమె ఎవరినో వలచినది. తండ్రి కఠినమైన లేఖ వ్రాసి, అతనిని కలిసికొనరాదనియు, జాబు వ్రాయరాదనియు, ధిక్కరించినచో ఆస్తిలో దమ్మిడీ ఇయ్యననియు శాసించెను. ఆమె తండ్రితో వర్జీనియాకు తిరిగివచ్చి, పెండ్లి చేసికొనకయే 1737లో ముప్పదియవ యేట మరణించెను. నాటినుండి ఆమె తెల్లని వస్త్రములతో ఈ తోటలో తిరుగుచుండునని ఊరివారు కథ చెప్పుదురు. అందగత్తె మరణించిన ప్రతి పాతయింటికిని ఇట్టి కథ యొకటి పుట్టుట సహజము. ఆమె చిత్రపటము విలియమ్సుబర్గులో నున్నదని విని, మరునాడు దానిని చూడ నిశ్చయించుకొంటిమి.

సమాధిరాయిమీద అక్షరములు అరిగినవి. వ్రేలితో తడవి చదువవలసివచ్చినది. నదిమీద గాలి హెచ్చి, మా చేతిలోని దినచర్య పుటలు చెదరుచుండగా దానిని సంచిలో పెట్టుకొని బండి దగ్గరకు నడచితిమి.